విశాఖ అన్నకు, అకౌంట్స్ మేడంకు, పక్క షాపు ఎలక్ట్రీషియన్‌కు

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్మే కంపెనీ. నలభై మంది లోపే ఉంటాం. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కడినే. ప్రింటర్‌లో పేపరు ఇరుక్కున్నా, సర్వర్ పడుకున్నా నా ఫోనే మోగుతుంది. మొన్న దసరాకు సర్వర్లు, స్టోరేజీ, వాటి మీద నడిచే వర్చువల్ మెషీన్లు (వీఎంలు, అంటే ఒకే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లు) మొత్తం మార్చాం. శనివారం ఉదయం షట్టర్ తీసేసరికి బిల్లింగ్ మామూలుగా నడిచింది. చాలామందికి ఏదో మారిందని కూడా తెలియలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

కథ మే నెలలో మొదలైంది. పాత సర్వర్‌లో 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5లో ఉండేవి, అంటే ఒక డిస్కు పోయినా మిగిలినవాటి నుంచి డేటా తిరిగి రాబట్టగల అమరికలో. అందులో ఒకటి పోయింది. కొత్తది పెడితే రీబిల్డ్‌కు, అంటే దానిలోకి డేటా మళ్లీ నింపడానికి, దాదాపు 30 గంటలు పట్టింది. మిగిలిన మూడు డిస్కుల్లో ఉన్న 12 టీబీని అంచు నుంచి అంచు వరకు చదివితేగాని ఆ పని పూర్తికాదు. ఆ రాత్రి నిద్ర రాక డిస్కు స్పెసిఫికేషన్ తీసి చూశాను. చదవలేని తప్పు 10¹⁴ బిట్లకు ఒకటి రావచ్చని రాసి ఉంది. లెక్క వేస్తే 12.5 టీబీకి ఒకటి, నేను చదివించాల్సింది 12! అది కంపెనీ చెప్పే గరిష్ఠ హద్దు మాత్రమేనని, నిజంగా డిస్కులు అంతకంటే నయంగానే ఉంటాయని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం కనకదుర్గమ్మకు మొక్కుకున్నాను.

రీబిల్డ్ గట్టెక్కాక కొత్తవాటికి కొటేషన్ తెప్పించాను. రెండు సర్వర్లు, వాటి మధ్య ఒక పెద్ద షేర్డ్ స్టోరేజీ బాక్స్. ధర చూసి మా సార్ "దీంతో ఒక డెలివరీ వ్యాన్ వస్తుందిగా" అన్నారు. పైగా వర్చువల్ మెషీన్లను నడపడానికి అప్పట్లో మేం వాడుతున్న వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 7కు సపోర్టు 2025 అక్టోబరు 2 వరకే. పాత పద్ధతిలో శాశ్వత లైసెన్సులు అమ్మడం 2023 డిసెంబరులోనే ఆపేశారు, ఇప్పుడంతా సబ్‌స్క్రిప్షనే. ఏం చేయాలో అడగడానికి ఆఫీసులో పక్కన ఇంకో మనిషి లేడు.

అప్పుడు మా బావమరిది ద్వారా విశాఖ అన్న పరిచయమయ్యారు. అక్కడ ఒక ఆసుపత్రిలో ఐటీ చూస్తారు. పేరు రాయొద్దన్నారు. కొటేషన్ పంపి "అన్నా, ఏ బాక్స్ తీసుకోమంటారు?" అని అడిగాను. ఆయన బాక్స్ సంగతే ఎత్తలేదు. "తమ్ముడూ, రోజుకు మీ డేటా ఎంత మారుతుంది?" అన్నారు. నాకు తెలియదు. "బ్యాకప్ నుంచి చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశావు?" ఎప్పుడూ చూడలేదు. "ముందు ఆ రెండూ చూసి ఫోన్ చెయ్" అని పెట్టేశారు.

చూశాను. డేటా మొత్తం 3 టీబీ. అందులో రెండొంతులు ఎవరూ తెరవని పాత ఇన్‌వాయిస్ స్కాన్లు, సీసీటీవీ క్లిప్పులు. రోజుకు మారేది 6 జీబీ కూడా లేదు. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పుకోలేనిది. బ్యాకప్ 11 రోజులుగా ఆగిపోయి ఉంది. ఫెయిల్ అయిందని మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. వాటిని వేరే ఫోల్డర్‌లో పడేలా రూల్ పెట్టింది నేనే. ఇది ఆయనకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. తన దగ్గరా ఒకసారి అలాగే జరిగిందన్నారు. నిజమో, నా కోసం చెప్పారో.

తర్వాత మూడు ఆదివారాలు ఫోన్లో కూర్చున్నారు. ముందు ఆ కొటేషన్‌ను తలకిందులు పిరమిడ్ అన్నారు. పైన రెండు సర్వర్లు, కింద ఒకే బాక్స్. అది పడితే రెండూ పడతాయి. దాని బదులు రెండు సర్వర్లలోనూ సొంత డిస్కులు పెట్టి, ప్రాక్స్‌మాక్స్ (వీఎంలను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్) మీద జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ వేసి, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లో ఉండేలా చేసి, ఒకదాని నుంచి ఇంకోదానికి 15 నిమిషాలకోసారి మారిన డేటా కాపీ అయ్యేలా రెప్లికేషన్ పెట్టమన్నారు. రెండే సర్వర్లయితే ఒకటి పోయినప్పుడు రెండోదానికి పని కొనసాగించడానికి కావలసిన ఓట్ల మెజారిటీ ఉండదు కాబట్టి, మూడో ఓటు బ్యాకప్ మెషీన్‌కు ఇచ్చాం.

నాకు భయమేసింది. ఒక సర్వర్ ఠక్కున పోతే చివరి 15 నిమిషాల బిల్లులు పోతాయి కదా? "ఆ సంగతి నన్ను కాదు, మీ అకౌంట్స్ వాళ్లను అడుగు" అన్నారు. అడిగాను. మేడం తల కూడా ఎత్తకుండా "కౌంటర్‌లో చలాన్ కాపీలు ఉంటాయిగా, మళ్లీ ఎక్కిస్తాం. ఒక పూట పోతే మాత్రం నా వల్ల కాదు" అన్నారు. రెండు నెలలుగా నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అది. షేర్డ్ స్టోరేజీ బాక్స్ ఆ రోజే కొటేషన్ నుంచి ఎగిరిపోయింది.

అన్న ఆపిన తప్పులు ఇంకా ఉన్నాయి. 24 కోర్ల ప్రాసెసర్ ఎంచుకుంటే, "విండోస్ సర్వర్ లైసెన్సు కోర్ల లెక్కన ఉంటుంది, సర్వర్‌కు కనీసం 16 కొనాలి, అంతకు మించిన ప్రతి కోరుకూ డబ్బు కట్టాలి" అని 16కు దింపించారు. వీఎంలు రెండు సర్వర్ల మీదా నడవచ్చు కాబట్టి రెండింటికీ లైసెన్సు ఉండాలని కూడా చెప్పారు. నా లెక్కలో అది లేనే లేదు. చవగ్గా వస్తున్నాయని మామూలు ఎస్‌ఎస్‌డీలు చూపిస్తే, కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న డేటాను కాపాడుకునే కెపాసిటర్లు ఉన్నవే కొనమన్నారు. రెయిడ్ కార్డు బదులు డిస్కులను జెడ్‌ఎఫ్‌ఎస్‌కు నేరుగా చూపించే హెచ్‌బీఏ కార్డు ఆర్డరులోనే రాయించారు.

అక్టోబరు 1 సాయంత్రం ఆయుధ పూజ. ఆటోనగర్‌లో ఆ రోజు స్పానర్‌కు కూడా బొట్టు ఉంటుంది. రాత్రికి పదవీ విరమణ చేయబోతున్న పాత సర్వర్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయ. అందరూ వెళ్లాక పని మొదలుపెట్టాను. అందరి లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ వీఎం సాఫీగా వచ్చేసింది. ట్యాలీ ఉన్న వీఎం రాత్రి రెండింటికి నీలం స్క్రీన్ చూపించింది, బూట్ డిస్కు దొరకడం లేదని. ఒకటే టెన్షన్. పండగ పూట ఆ వేళప్పుడు ఫోన్ చేస్తే అన్న రెండో రింగుకే ఎత్తారు. "వర్ట్‌ఐఓ డ్రైవర్ ముందే వేయలేదు కదూ? డిస్కును సాటాగా మార్చి బూట్ చెయ్. చిన్న వర్ట్‌ఐఓ డిస్కు ఒకటి అదనంగా తగిలించి డ్రైవర్ ఎక్కించు. తర్వాత అసలుదాన్ని మార్చు." వర్ట్‌ఐఓ అంటే కొత్త సర్వర్‌లో వీఎంకు ఇచ్చే డిస్కు రకం, దాని డ్రైవర్ లేకపోతే విండోస్‌కు ఆ డిస్కు కనపడదు; సాటా అయితే మామూలుగానే గుర్తుపడుతుంది. అరగంటలో లాగిన్ స్క్రీన్ వచ్చింది. డ్రైవర్ ముందే వేయమని ఆయన పంపిన కాగితంలో మూడో లైనులో ఉంది. నేనే దాటేశాను.

పండగ మర్నాడు, సెలవైనా, అకౌంట్స్ మేడం వచ్చి పార్టీల బాకీల లిస్టు పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి పెన్నుతో టిక్కులు కొట్టుకుంటూ చూశారు. పైసా తేడా లేదన్నాకే నేను టీ తాగాను. మేడం, ఇంట్లో చుట్టాలున్నా వచ్చారని తర్వాత తెలిసింది. థాంక్స్.

పక్క లేత్ షాపు ఎలక్ట్రీషియన్ గారికి కూడా. ర్యాక్ వెనక్కి తొంగి చూసి, సర్వర్‌కున్న రెండు పవర్ సప్లైలూ ఒకే యూపీఎస్‌కు పెట్టానని కనిపెట్టింది ఆయనే. ఎర్తింగ్ గుంట ఎండిపోయిందని నీళ్లు కూడా ఆయనే పోయించారు. ఇంత చేసి సమోసా మాత్రమే తీసుకున్నారు.

మా సార్ గురించి ఒక మాట. పాతది నడుస్తుంటే కొత్తదెందుకని అడిగినా, ఒక పూట బిల్లింగ్ ఆగితే ఎన్ని పార్శిళ్లు ఆగుతాయో లెక్క చూపించగానే సంతకం పెట్టారు. మిగిలిన డబ్బుతో బ్యాకప్ కాపీ ఒకటి ఊరవతల గోడౌన్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారు.

విశాఖ అన్నా, ఫీజు సంగతి ఎత్తితే "ప్రతి నెలా మొదటి శనివారం ఒక వీఎం రీస్టోర్ చేసి నాకు స్క్రీన్‌షాట్ పంపు, అదే ఫీజు" అన్నారు. మొదటిది పంపాను. దాంతో పాటు ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు కొరియర్‌లో వస్తున్నాయి, వాటిని మాత్రం వెనక్కి పంపకండి.