చెరువు ఆట గురించి ఏమి రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నన్ను ఆపి మరీ అడిగారు: "మీ ఆట కూడా ఆగిపోయినట్టేనా అమ్మా?" నేను చేస్తున్నది పందెం ఆట కాదు, చెరువు నీళ్ళు పంచే ఆట. అయినా వాళ్ళను తప్పు పట్టలేను. మన పత్రికల్లో కంప్యూటర్ ఆటల ప్రస్తావన వచ్చేది రెండే సందర్భాల్లో: పిల్లవాడు ఫోనుకు బానిసయ్యాడని, లేదా ఆ పరిశ్రమ విలువ ఇన్ని వేల కోట్లని. ఒక ఆట ఎలా తయారవుతుందో, చేసేవారికి ఎక్కడ చేయి ఆగిపోతుందో తెలుగు పత్రికలో చదివిన గుర్తు నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది హిందూపురం. తొమ్మిదేళ్ళుగా బెంగళూరు తణిసంద్రలో ఉంటున్నాను. పగలు ఆఫీసులో ప్రోగ్రామర్‌ని. రాత్రి పది దాటాక, ఆదివారాల్లో ఈ ఆట పని. నాలుగేళ్ళు దాటింది. ఇందులో ఆడేవారు ఒక ఊరి నీరుగంటి. చెరువులో ఎంత నీరుందో చూసుకుని తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ముందు పారించాలో, ఆయకట్టు చివరన ఉన్న రైతుకు ఏమని నచ్చజెప్పాలో తేల్చుకోవాలి. నెలకొకసారి పని ఎంతవరకు వచ్చిందో రెండు పేజీలు రాసి తెలిసినవారికి వాట్సాప్‌లో పంపుతాను. వెనక కంపెనీ లేకుండా ఆట చేసేవారికి ఈ రాత కూడా పనిలో భాగమే. రాయకపోతే అలాంటి ఆట ఒకటి తయారవుతోందని ఎవరికీ తెలియదు.

ఏమి రాయాలన్నదే చాలాకాలం తేలలేదు. మొదట్లో కొత్త చెట్టు గీశానని, కొత్త మెనూ పెట్టానని రాసేదాన్ని. ఒకసారి ఉగాదికి విడుదల అని రాశాను. ఉగాది వెళ్ళిపోయింది. అడిగినవారికి జవాబు చెప్పలేక రెండు నెలలు రాయడమే మానేశాను. అప్పటినుంచి తేదీలు రాయడం లేదు. ఆ తరువాత ప్రోగ్రామ్ గురించి రాశాను. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మా నాన్న ఫోను చేసి, "మొదటి పేరా రెండుసార్లు చదివానమ్మా, లోపలికి వెళ్ళలేకపోయాను" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

చివరికి దారి చూపింది ఒక ఒత్తు. చెరువు నిండినప్పుడు తెరమీద "అలుగు పొర్లుతోంది" అని రావాలి. రకారానికి కొమ్ము, దాని కింద ల ఒత్తు ఉండాలి. నా తెరమీద మాత్రం "ర్" విడిగా, దాని పక్కన "లు" విడిగా నిలబడ్డాయి. "కట్ట" కూడా అలాగే మధ్యకు విరిగింది. ఆట తయారుచేయడానికి నేను వాడేది గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని మూడో వెర్షన్‌కు మన అక్షరాలను కలిపి కూర్చడం రాదు. గత్యంతరం లేక నూట నలభై మాటలను బొమ్మలుగా గీసి పెట్టుకున్నాను. రైతు మాట ఒక్కటి మారిస్తే బొమ్మ మళ్ళీ గీయాలి. 2023 మార్చిలో నాలుగో వెర్షన్ వచ్చింది. అక్షరాలను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ అనే భాగం అందులో ఉంది. ఆ రాత్రి ర కింద ల ఒత్తు తన చోట కుదురుకున్నది చూసి పడుకున్న మా ఆయనను లేపి చూపించాను.

ఆ నెల దాని గురించే రాశాను. అంతవరకు ఒక్క జవాబూ ఇవ్వనివారు రాశారు. హిందూపురంలో ఒకప్పుడు ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసిన పెద్దాయన సీసపు అక్షరాల అరల్లో ఒత్తుల కోసం వెతుక్కున్న రోజుల గురించి పది నిమిషాలు మాట్లాడి పంపారు. మీ పత్రిక కంపోజింగ్ విభాగంలోనూ ఈ బాధ పడినవారు ఉండే ఉంటారు. నేను ఇరుక్కున్న చోటు చదివేవారికి ముందే తెలిసిన చోటైతే, అదే రాయవలసింది. 2018లో వచ్చిన "రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్" ఆటను చేసిన లూకస్ పోప్, పని సాగుతున్న రోజుల్లో అలాగే రాశారు. ఆ ఆటంతా నలుపు తెలుపు చుక్కలే. చూపు కదిలినప్పుడల్లా చుక్కలు చెదిరి కళ్ళకు ఇబ్బందిగా ఉండేదట. దాన్ని ఎన్ని విధాల సరిచేయబోయారో ఆయన వివరంగా రాస్తే, ఆ సమస్య నాది కాకపోయినా ఆసాంతం చదివాను.

ఇప్పుడు రాయవలసినవి చాలా కనిపిస్తున్నాయి. ఇక్కడ మా వైపున్న జక్కూరు చెరువు నిండితే ఆ నీరు రాచేనహళ్ళి చెరువుకు దిగుతుంది. ఆటలో అలుగు చప్పుడు కోసం వాన వెలిసిన ఒక తెల్లవారుజామున అక్కడికి వెళ్ళి ఫోనులో రికార్డు చేశాను. ఇంటికి వచ్చి వింటే నీటి చప్పుడుకన్నా మోటారు సైకిళ్ళ మోతే ఎక్కువ. మా తణిసంద్ర పేరులోని "సంద్ర" సముద్రమే, అంటే చెరువే. డబ్బు సంగతీ దాచను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆట పెట్టడానికి వంద డాలర్లు కట్టాలి. అమ్మకంలో సాధారణంగా ముప్పై శాతం వారికే పోతుంది. ఇవి పత్రికలో వస్తే, ఆటలు చేస్తానంటున్న పిల్లల తల్లిదండ్రులకు పనికివస్తాయి.

ఒకటి మాత్రం రాయను. ఆటలో ఉన్న నీటి తగాదా మా అమ్మమ్మ ఊళ్ళో జరిగింది. ఆ రెండు కుటుంబాలూ ఇంకా ఉన్నాయి. వారెవరో తెలిసేలా ఏదీ బయటపెట్టను.

నెలకొక అరపేజీ ఇవ్వండి. నాకే ఇవ్వమని కాదు. బెంగళూరులో, హైదరాబాదులో, చెన్నైలో ఈ పని చేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. తమ ఆట గొప్పదని కాక, ఈ నెల ఎక్కడ ఆగిపోయారో రాయమని అడగండి.

నా మొదటి అరపేజీ ఏమిటో ఇప్పటికే అనుకున్నాను. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో ఉంది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల వంటి దోషాలను ఆటలో పెట్టగలిగాను. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా ఒక దోషమే. హిందూపురం నుంచి బెంగళూరుకు వచ్చిన నాకు దాన్ని వదిలేయాలని లేదు. ఎలా పెట్టాలో మాత్రం ఇంకా తెలియలేదు. ప్రచురిస్తామంటే అంతవరకు రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తణిసంద్ర, బెంగళూరు