రష్యా చమురు లాభం మా దాకా రాలేదు, నష్టం మాత్రం మాకే పంపకండి: కేంద్ర పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ నుండి నగరం నలుమూలలకూ కిరాణా సరుకు చేరవేసే ఒక చిన్న ట్రాలీ బండికి యజమానినీ నేనే, డ్రైవరునూ నేనే. డీజిల్ ధర గురించి తోటి బండ్లవాళ్ళతో కలిసి సంతకాలు పెట్టి మేము ఇచ్చిన వినతిపత్రాలు ఇప్పటికి మూడు. మొదటిదానికి ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. రెండవదానికి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అన్న ఒక్క వాక్యం వచ్చింది. మూడవదానికి ఆ వాక్యం కూడా రాలేదు. అందుచేత ఈసారి నలుగురూ చదివేలా వ్రాస్తున్నాను.

ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా తగ్గింపు ధరకు అమ్ముతున్న చమురు కొనే దేశాల సరుకులపై 500 శాతం సుంకం వేయాలంటూ అమెరికా సెనేట్‌లో సభ్యులు గ్రాహం, బ్లూమెంథాల్ గార్లు ప్రవేశపెట్టిన బిల్లు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ బిల్లు చట్టం కాకముందే 2025 ఆగస్టు 27 నుండి మన ఎగుమతులపై సుంకం 50 శాతానికి చేరింది, అక్టోబరులో రాస్‌నెఫ్ట్, లుకాయిల్ అనే రష్యా చమురు కంపెనీలపై అమెరికా ఆంక్షలూ వచ్చాయి. (ఆంక్షలంటే ఇంతకాలం మా బండ్లవాళ్ళకు తెలిసినవి పగటిపూట సరుకు బండ్లను ఆపే ట్రాఫిక్ ఆంక్షలే.) ఇది అన్యాయమని మన ప్రభుత్వం అంది, నేనూ అదే అంటాను. అయితే నా బాధ వేరు. "రష్యా చమురు ఆగితే ధరలు పెరుగుతాయి" అన్న మాట వినబడడం మొదలైన నాటి నుండి నాకు నిద్ర పట్టడం లేదు. ఆ చమురు వచ్చినప్పుడు ధరలు తగ్గినట్టు నాకు గుర్తు లేదు మరి.

లెక్క చెబుతాను, తప్పయితే దిద్దండి. 2022 మే నెలలో మీరు ఎక్సైజ్ సుంకం తగ్గించిన తరువాత హైదరాబాదులో లీటరు డీజిల్ 97 రూపాయల 82 పైసలు. అప్పుడు బ్యారెల్ ముడి చమురు 110 డాలర్ల పైన ఉంది. ఎన్నికల ముందు, 2024 మార్చిలో, ధర 95 రూపాయల 65 పైసలయింది, 2025లోనూ దాదాపు అంతే. ఈలోగా, 2025లో, ముడి చమురు 70 డాలర్ల కిందికి దిగింది. మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు మూడో వంతును దాటింది. ఇంత జరిగితే నా బంకు దాకా వచ్చింది 2 రూపాయల 17 పైసలు. నేను రోజుకు ఎనిమిది లీటర్లు పోయిస్తాను, అంటే నాకు మిగిలేది పదిహేడు రూపాయల చిల్లర. దానితో మా వీధి హోటల్లో ఇరానీ చాయ్ కూడా రాదు. ఇరాన్ పేరు ఎలాగూ వచ్చింది కనుక ఇదీ అడుగుతాను: ఆంక్షలున్నా ఇరాన్ చమురు కొనుక్కోమని అమెరికా ఇచ్చిన మినహాయింపు 2019 మేలో ముగియగానే ఆ చమురు మానేశాము. అరువు గడువు, రవాణా రాయితీ ఇచ్చి అమ్మిన ఆ చమురుతో మిగిలిన డబ్బు ఎవరి దగ్గర మిగిలింది?

2022లో చమురు కంపెనీలు నష్టానికి అమ్మాయన్నది నిజమే, కాదనను. కానీ 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీల లాభం కలిపి దాదాపు 81 వేల కోట్ల రూపాయలు. అప్పు తీరాక కూడా వడ్డీ వసూలు చేసే ఫైనాన్స్‌వాడిని మేము ఏమంటామో ఇక్కడ వ్రాయడం మర్యాద కాదు. 2017 జూన్ 16 నుండి ధర రోజూ ఉదయం ఆరు గంటలకు మారుతుందని నియమం పెట్టారు. ఆ ఆరు గంటలు ఏళ్ల తరబడి ఎందుకు కాలేదో తెలియదు. పైగా 2025 ఏప్రిల్‌లో ముడి చమురు పడిపోగానే లీటరుకు రెండు రూపాయల ఎక్సైజ్ పెంచి, బంకులో ధర మారదు కనుక ప్రజలపై భారం లేదన్నారు. తగ్గవలసినది తగ్గకపోతే అది భారం కాదా, స్వామీ?

ధర మారలేదన్న మాటే మా కొంప ముంచుతోంది. కిరాయి పెంచమని అడిగితే "డీజిల్ రేటు అదే ఉంది కదా" అని సేట్లు నోరు మూయిస్తారు. టైర్లు, ఇన్సూరెన్స్, హమాలీ కూలి, పిల్లల ఫీజు ఏవీ అదే రేటులో లేవు. పటాన్‌చెరు దాకా సరుకు దింపి ఖాళీ బండితో తిరిగి వచ్చిన రోజున డీజిల్, కిస్తీ పోగా చేతికి వచ్చేది చూసుకుంటే, బండి నన్ను నడుపుతోందో నేను బండిని నడుపుతున్నానో అర్థం కాదు. 2025లో ఢిల్లీలో 88 రూపాయల లోపు దొరికిన డీజిల్ ఇక్కడ 95 దాటడానికి కారణం తెలంగాణ వేసే 27 శాతం వ్యాట్ అని మీరంటారు, రాష్ట్రానికి వాటా రాని కేంద్రం సెస్సులు తగ్గించమని రాష్ట్రం వారంటారు. మీ ఇద్దరి మధ్య మా బండి నలిగిపోతోంది.

ఇరవై ఏడు దేశాల నుండి కొనేవారము, ఇప్పుడు నలభై దేశాల నుండి కొంటున్నాము, కంగారు వద్దు అని మీరు చెప్పారు. చాలా సంతోషం. అలాగైతే ఆ బిల్లు నెగ్గినా, రష్యా చమురు పూర్తిగా ఆగినా, మా బంకులో ఒక్క పైసా పెరగదని వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. పెరగక తప్పదంటే ముందు ఎక్సైజ్ నుండి భరించండి, తరువాత కంపెనీల లాభాల నుండి భరించండి, మా వంతు చివరన రానివ్వండి. చౌక చమురుతో మిగిలిన ప్రతి రూపాయీ ఎటు వెళ్ళిందో ప్రజల ముందు పెట్టండి. ఇవేవీ కుదరకపోతే మా మూడవ వినతిపత్రానికి జవాబైనా ఇప్పించండి. ఈసారి "పంపడమైనది" అని కాకుండా ఎక్కడికి పంపారో కూడా వ్రాయించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ట్రాలీ బండి యజమాని,
ఉస్మాన్‌గంజ్, హైదరాబాదు.