మూడు పాయలు దాటి వస్తున్న పెట్టె

అమ్మలూ,

పెట్టె మూత తీయగానే ముందు ఈ కాగితమే చేతికి తగలాలని అన్నిటికన్నా పైన పెట్టాను. ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా, సరే" అంటావు. ఇది చదివాకే మిగతావి బయటికి తియ్యి. లాంతరు చిమ్నీ గాజుది. నా పాత లుంగీలో చుట్టాను, బట్టే కదా అని దులిపేవు.

హాస్టల్ గదిని పాతకాలం గదిలా సర్దుకుంటానని నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. వింటేజ్ లాంతరు 1,150, వింటేజ్ రేకు పెట్టె 1,899, లేసు గుడ్డ 799, ఇంకా ఏవేవో కలిపి 4,600. డబ్బు గురించి కాదులే అని అబద్ధం చెప్పను, డబ్బు గురించే. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక కొట్లో బేరాలు ఎలా ఉంటాయో నీకు తెలుసు. కానీ ఆ పెట్టె ఫోటో పెద్దది చేసి చూస్తే నవ్వొచ్చింది. కొత్త రేకు మీద తుప్పు రంగు పూశారు, అన్ని మూలలా ఒకే కొలతలో. ఎక్కడైనా తుప్పు అలా పడుతుందా? నేలకి ఆనిన వైపు ఎక్కువ, గోడకి ఆనిన వైపు ఇంకాస్త ఎక్కువ. మూత మీద అసలు ఉండదు, రోజూ ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు గనక.

అందుకే అటక ఎక్కి మన పాత రేకు పెట్టె దించాను. ఈ పెట్టెకి బయట, అడుగు నుంచి జానెడు ఎత్తున చుట్టూ ఒక గోధుమ రంగు గీత ఉంటుంది. దాన్ని తోమకు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చినప్పుడు మేం ఏటిగట్టు పక్క ఊళ్లో ఉండేవాళ్లం. గట్టు తెగిందని కేకలు వినబడగానే మీ తాత బియ్యం బస్తా అటకెక్కించాడు, పెట్టెని మంచం మీద పెట్టాడు. నీళ్లు మంచం ఎక్కి, ఇంకో జానెడు పెరిగి ఆగాయి. నాకప్పుడు పన్నెండేళ్లు. పెట్టెలో ఉన్న మీ మామ్మ ఎర్ర పట్టుచీర రంగు దిగి తాత పంచెలకి అంటుకుంది. ఆ పంచెల్లో ఒకటే ఇప్పుడు నీ కర్టెన్లయింది. అంచు దగ్గర లేత గులాబీ మరక కనబడితే నా పనితనం మీద అనుమానపడకు.

ఆ కర్టెన్ల గురించి కాస్త చెప్పాలి. కిటికీ కొలత పంపమంటే "మామూలు కిటికీయే నాన్నా" అన్నావు. టైలర్ కూతురివి! చివరికి నాలుగడుగుల వెడల్పని తేలింది కాబట్టి సరిపోయింది. కిటికీ ఎంత వెడల్పో అంతే గుడ్డ వేస్తే అది కర్టెన్ అవదు, ఆరేసిన తువ్వాలు అవుతుంది. గుడ్డ రెండింతలు ఉంటేనే కుచ్చు నిలుస్తుంది. పంచె పన్నా యాభై అంగుళాలు, పొడవు నాలుగు మీటర్లు. మధ్యకి రెండు ముక్కలు చేస్తే వంద అంగుళాలొచ్చింది, నీ కిటికీకి కొలిచి నేసినట్టే. జరీ అంచు ఇటూ అటూ నిలువుగా దిగుతుంది. కింద మిగిలిన ముక్కల్లో ఒకటి చిన్న దిండుకి గలీబు చేశాను, ఇంకోటి టేబుల్ మీదకి. పై మడతలో స్ప్రింగ్ తీగ దూర్చి ఉంది. దాని రెండు కొక్కేలూ కిటికీ ఊచలకి తగిలించు చాలు. మేకు కొట్టొద్దు. గోడకి చిల్లు పడితే వార్డెన్ డిపాజిట్లో కోస్తారని నువ్వే చెప్పావు. డబుల్ టేపు కూడా వద్దు, పీకేటప్పుడు పెయింటు పెచ్చుతో సహా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. గది పాతకాలం గదిలా కనబడేది వస్తువుల వల్ల అనుకుంటున్నావు. వెలుతురు వల్ల. చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క చూపించాలంటే ట్యూబులైటు కింద నేనెప్పుడూ చూపించను, కొట్టు బయటికి తీసుకొచ్చి ఎండలో చూపిస్తాను. ట్యూబులైటు ఏ రంగునీ ఉన్నట్టు ఉండనివ్వదు. మీ గదిలో ఉన్నది అదే. దాని కింద నువ్వు రాజుగారి దివాణం సామాను పెట్టినా ఆసుపత్రి వార్డులాగే ఉంటుంది. పాత ఇళ్లల్లో ఫిలమెంటు బల్బు పసుపు వెలుగు ఉండేది. ఎలక్ట్రికల్ షాపులో వార్మ్ వైట్ ఎల్‌ఈడీ బల్బు అని అడుగు. డబ్బా మీద 2700కె అని ఉందో లేదో చూసుకో, 6500కె అని ఉంటే అది మళ్లీ తెల్లదే. నీ టేబుల్ లైటుకి అది బిగించి, చదువు అయ్యాక ట్యూబులైటు ఆర్పి చూడు. సీరియల్ సెట్ కావాలంటే కొనుక్కో కానీ మంచం ఇనుప చట్రానికి చుట్టకు, ఎక్కడో వైరు ఒరుసుకుంటుంది.

లాంతర్లో వత్తి తీసేశాను, కిరసనాయిలు వాసన పోయేదాకా మూడుసార్లు కడిగాను. లోపల సెల్లుతో వెలిగే చిన్న లైటు పెట్టాను. ముచ్చటగా ఉందని నిజంగా వెలిగించాలని చూడకు.

లేసు గురించి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఎక్కడికో వెళ్లిపోయాను. లిస్టులో నువ్వు పెట్టిన 799 లేసు మిషను మీద చేసింది. వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది, నాకు ఫోటోలోనే తెలిసింది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి ఈ అల్లిక 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారంటారు. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సొంత సరుకని ప్రభుత్వం ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది. మీ మామ్మ పెళ్లయిన దగ్గర్నుంచి కళ్లు మసకబారేదాకా అల్లింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్లేవాడు, వారం తర్వాత వచ్చి అల్లినవి లెక్కపెట్టి తీసుకునేవాడు. రోజంతా అరుగు మీద కూర్చుంటే కూర ఖర్చు వచ్చేది. బాగున్నవన్నీ ఓడలెక్కి పోయేవి. మనింట్లో మిగిలినవి ఏజెంటు పక్కన పడేసినవే, వాటికి కూలి కూడా లేదు.

పెట్టె అడుగున, నల్ల గుడ్డలో మడిచి పెట్టిన గుండ్రటి లేసు అలాంటిదే. మధ్యలో పువ్వు ఉంటుంది, రేకులు లెక్కపెట్టు. పన్నెండు ఉండాలి, పదకొండే ఉంటాయి. ఆ రాత్రి దీపంలో నూనె అయిపోతుంటే గబగబా అల్లిందట. తెల్లారి చూసుకుంటే ఒక రేకు తక్కువ. కానీ ఆ ఒక్క రేకు ఖాళీ కనబడకుండా పక్క రెండు రేకుల్నీ కాస్త సాగదీసి సర్దింది చూడు! నేను ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. తక్కువ పడిన గుడ్డని అంత బాగా సర్దడం నాకు ఇప్పటికీ రాదు.

దాన్ని టేబుల్ మీద పరవకు, మొదటి వారమే టీ పడుతుంది. వల పోయిన జల్లెడ చట్రం ఒకటి పెట్టాను. దానికి ముందు నల్ల గుడ్డ బిగించి, మీద లేసుని సన్న దారంతో చుట్టూ పది చోట్ల కుట్టు. లేసుకి వెనక ముదురు రంగు లేకపోతే అల్లిక కనబడదు. ఎప్పుడైనా మాసితే కుంకుడు రసంలో ముంచి తీసి, పిండకుండా తువ్వాలు మీద పరిచి నీడన ఆరబెట్టు. బ్లీచింగు జోలికి మాత్రం పోకు. ఆ మీగడ రంగు కోసమే నువ్వు డబ్బులు పెట్టబోయావు కదా.

ఇంకేముంది? ఫోటోలు అసలువి పంపలేదు, స్టూడియోలో ప్రింట్లు తీయించాను. కొబ్బరి తాడూ చెక్క క్లిప్పులూ పెట్టాను, అలమారాకీ కిటికీకీ మధ్య కట్టుకో. పెట్టె కింద రెండు చెక్క ముక్కలు వెయ్యి, గోడకి నాలుగు వేళ్ల దూరం ఉంచు. కాకినాడ సముద్రం గాలికి ఉన్న తుప్పు చాలదన్నట్టు కొత్తది పడుతుంది. నెలకోసారి గుడ్డతో కాస్త కొబ్బరినూనె రాయి, లోపల నాలుగు కలరా ఉండలు వెయ్యి. జంతికల డబ్బా అమ్మ పెట్టింది, వాటి దగ్గర ఉండలు వేసేవు! అన్నట్టు ఇవన్నీ సర్దేముందు నీ రూమ్మేటుని ఒక మాట అడుగు. సగం గోడ ఆ అమ్మాయిది. పాతసామాను వాసన అందరికీ పడదు.

బల్బుకీ సెల్లులకీ 500 ఫోన్‌పే చేశాను. పెట్టె రేపు పొద్దున్న ఆర్టీసీ కార్గోలో వేస్తాను. చించినాడ దగ్గర వశిష్ఠ, బోడసకుర్రు దగ్గర వైనతేయ, యానాం దగ్గర గౌతమి, మూడు గోదావరి పాయలూ దాటుకుని వస్తుంది. ఈసారి పొడిగానే.

ఇంకో మాట. ఆ గుండ్రటి లేసు పంపిస్తున్నానని మామ్మకి చెప్పలేదు. పంపనా అని అడిగితే "తప్పు పని పదిమందికీ చూపిస్తావేంట్రా" అని దాని బదులు టేబుల్ మీద పరిచే మంచి లేసు రన్నరు ఒకటి తీసి ఇచ్చింది, అదీ పెట్టాను. ఖాళీ ఉన్న చోటు కిందికి వచ్చేలా కట్టాలని ఆవిడైతే అంటుంది. నేనైతే పైకి పెడతాను. నువ్వు ఎటు పెట్టావో ఫోటో తీసి నా ఫోనుకి పంపు, అమ్మ ఫోనుకి వద్దు. అది మామ్మ చూస్తుంది.

మీ నాన్న
పాలకొల్లు