మేఘాలు చూడటానికి రమ్మన్నారు సరే, మరుగుదొడ్డి ఎవరు కట్టాలి మంత్రి గారూ?

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి,

పాడేరు మన్యంలోని ఒక చిన్న పంచాయతీ నుంచి నమస్కారాలు. నేను సర్పంచ్‌ని కాదు, ఏ పార్టీ మనిషినీ కాదు. గ్రామసభలో చెయ్యెత్తే ఒక మామూలు రైతుని.

ఈ సంగతి మీకు కొత్త కాదు. అర్జీలు పెట్టాం, రసీదులు ఇచ్చారు. సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏది పరిష్కారమైందో చెప్పండని ఇంకో అర్జీ పెడితే దానికీ రసీదే ఇచ్చారు. ఆ రసీదులతో విసిగిపోయి, ఇక అందరూ చూసేలా రాస్తున్నాను.

నవంబరు వచ్చిందంటే మా ఊరికి నిద్ర ఉండదు. మేఘాలు చూడాలంటే సూర్యుడు రాకముందే కొండెక్కాలి కాబట్టి తెల్లవారుజామున మూడింటికే కార్లు మొదలవుతాయి. వంజంగి, లంబసింగిలో జనం పట్టక ఇప్పుడు మాలాంటి ఊళ్ళ మీద పడ్డారు. (మా ఊరికి పేరు తెచ్చింది మా కుర్రాళ్ళ రీల్సే. ఎవరిని తిట్టుకోవాలి?) విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళకి కారు దిగగానే ముందు కావాల్సింది మేఘాలు కాదు, మరుగుదొడ్డి. అది ఇక్కడ లేదు.

మగవాళ్ళు చోడి చేలల్లోకి, కాఫీ తోటల్లోకి పోతారు. గెడ్డ ఒడ్డునే కూర్చుంటారు. ఆ గెడ్డ నీళ్ళే పైపులో దిగి మా కుళాయికి వస్తాయి. ఆడవాళ్ళ అవస్థ ఇంకా ఘోరం. చంటిపిల్లని ఎత్తుకుని, చలికి వణుకుతూ మా తలుపు కొట్టి, ‘అమ్మా, బాత్రూమ్ ఉందా’ అని అడుగుతారు. ముసలమ్మలు కూడా వస్తారు. లేదని ఎలా చెప్తాం? ప్రభుత్వం కట్టిచ్చిన ఆ ఒక్క దొడ్డిలోకి పంపిస్తాం. ఆదివారం మధ్యాహ్నానికి అది నిండిపోతుంది, బిందెలు ఖాళీ అవుతాయి, మా ఆడవాళ్ళు మళ్ళీ చెంబు పట్టుకుని కొండ వైపు నడవాలి. బహిరంగ మలవిసర్జన లేని ఊరని మా ఊరికి బోర్డు పెట్టారు. పర్యాటకులు దాని పక్కన కూడా సెల్ఫీ దిగుతారు, దాని వెనక్కీ వెళ్తారు.

సోమవారం పొద్దున కొండ మీద బీరు సీసాలు, డైపర్లు, బిర్యానీ డబ్బాలు, పగిలిన గాజు. పశువుల కాళ్ళు తెగుతున్నాయి. ఊడ్చేది మా వాళ్ళే, కూలి ఇచ్చేవాళ్ళు లేరు.

మేం ఊరికే ఏడుస్తూ కూర్చోలేదండీ. గ్రామసభ పెట్టి తీర్మానం చేశాం. బండికి ఇంత అని ఆశీలు వసూలు చేస్తాం, ఆ డబ్బుతో దొడ్లు కడతాం, మా సంఘం ఆడవాళ్ళే నడుపుతారు అని రాసిచ్చాం. ఒక ఆఫీసులో ఆ కొండ అడవి కిందకి వస్తుందన్నారు. ఇంకో ఆఫీసులో అది టూరిజం పని అన్నారు. మూడో ఆఫీసులో, పంచాయతీకి టూరిజం ఎందుకయ్యా, వీధి దీపాలు చూసుకోండి అని నవ్వారు.

ఆ నవ్వు నన్ను చట్టాలు చదివేలా చేసింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు ఇవ్వదగ్గ అంశాలు 29 ఉన్నాయి. సంతలు ఉన్నాయి, గ్రంథాలయాలు ఉన్నాయి, చేపల పెంపకం ఉంది. టూరిజం లేదు. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు, పంచాయతీలకు అధికారాలిచ్చే 1996 పీసా చట్టం గ్రామ సంతల నిర్వహణ మాకే అంది. మరి వారానికి ఒకరోజు సంత నడపగలిగిన ఊరు, శని ఆదివారాల్లో వ్యూ పాయింట్ నడపలేదా? 2006 అటవీ హక్కుల చట్టంలో, గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమిని బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీరు లాంటి 13 రకాల పనులకు ఇవ్వొచ్చని ఉంది. ఆ జాబితా వేలు పెట్టి మరీ చదివాను సార్. అందులో మరుగుదొడ్డి లేదు.

ఇక టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చామని మీ ప్రభుత్వం గొప్పగా చెప్పింది. సంతోషం. పరిశ్రమ పెట్టడానికి వచ్చేవాడికి రాయితీలు ఉన్నాయి. పరిశ్రమకు ముడిసరుకైన కొండ, మంచు, మా ఇంటి చెంబు ఏ పద్దులో ఉన్నాయో మాత్రం కనపడలేదు. సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన సమత తీర్పు మా పక్క అనంతగిరి మండలం గనుల మీదే వచ్చింది. లాభాల్లో కనీసం 20 శాతం పక్కన పెట్టి, నీళ్ళకి, బడులకి, ఆసుపత్రులకి, పారిశుధ్యానికి ఖర్చు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. గని తవ్వేవాడికి ఉన్న బాధ్యత, టెంట్లు వేసి డబ్బు చేసుకునేవాడికి ఉండదా? ఆ టెంట్ల సంగతి మీకు తెలియనిదా! పట్టా మా వాడి పేరు మీదే ఉంటుంది, క్యాష్ బాక్స్ మైదానం నుంచి వచ్చినవాడి చేతిలో ఉంటుంది. మా వాడు అక్కడ వాచ్‌మన్.

ఇలా అన్నానని, మా భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టాన్ని సడలిస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం దయచేసి అనొద్దు. 2025 ఫిబ్రవరిలో ఆ మాట వచ్చినందుకే మన్యం బంద్ అయింది. ముట్టుకోం అని ముఖ్యమంత్రి గారే చెప్పాల్సి వచ్చింది. మాకు భూమి కొనేవాళ్ళు అక్కర్లేదు. మా కొండని మేమే నడుపుకునే కాగితం కావాలి.

మాలాంటి చిన్న పంచాయతీలకు పర్యాటక స్థలాన్ని అభివృద్ధి చేసి, రుసుము తీసుకుని, ఆ డబ్బు ఊళ్ళోనే ఖర్చు పెట్టే అధికారం ఇస్తూ చట్టం తెండి. చట్టానికి టైం పడుతుందంటే జీవో ఇవ్వండి. జీవో కూడా కష్టమంటే, దొడ్లు కట్టించండి. ముందు దొడ్లు కట్టించండి సార్, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. నీళ్ళ ట్యాంకు కూడా. చెత్తకి ఒక ట్రాక్టరు కూడా. సంక్రాంతి సెలవుల్లో రాత్రిపూట ఒక కానిస్టేబుల్‌ని కూడా, ఎందుకంటే తాగినవాళ్ళకి మా మాట వినపడదు.

ఇవేవీ కుదరవంటే, మా ఊరి పేరు మీ టూరిజం ప్రచారంలోకి ఎక్కనివ్వకండి. ఈ సీజన్‌కి ముందు ఏదో ఒకటి తేల్చి చెప్పండి. ఈసారి రసీదు వద్దు.

ఇట్లు,
మన్యం గ్రామసభలో ఒకడు