కొత్త డిస్కు అమ్మకుండా తిప్పి పంపిన ఆయనకు కృతజ్ఞతలు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు ఫైళ్లన్నీ దాచుకునే కంప్యూటరు, అంటే మా ఇంటి సర్వరులో, మూడో డిస్కు పునర్నిర్మాణం పూర్తయింది. తప్పులు సున్నా అని తెర మీద చూసి, నమ్మలేక మరోసారి చూసి, ఆ తరువాతే కుర్చీలోంచి లేచాను. బుధవారం రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు కాబట్టి ఈ రాతలో తడబాటు ఏదైనా ఉంటే మన్నించండి. ఒకరోజు ఆగి రాయమని ఇంట్లో అన్నారు గానీ, ఆగడానికి మనసు ఒప్పలేదు.

మా నాన్నగారు బడిపంతులు. సెలవుల్లో పద్యనాటకాలలో కృష్ణుడి వేషం కట్టేవారు. 1983 నుంచి 1996 వరకు వివిధ ఊళ్లలో ఆడిన నాటకాలను ఎవరెవరో టేపు రికార్డర్లలో పట్టి ఇచ్చిన క్యాసెట్లు అరవై రెండు మా ఇంట్లో ఉండేవి. ఆయన 2017లో పోయారు. ఆ తరువాత రెండేళ్లకు నేను వాటన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించాను. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్‌లో మా కింది గదిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినప్పుడు ఆ క్యాసెట్ల పెట్టె బురదలో మునిగిపోయింది. అప్పటి నుంచి నాన్నగారి గొంతు ఈ సర్వరులోని మూడో డిస్కులో తప్ప ఈ భూమి మీద మరెక్కడా లేదు. మరో నకలు ఎందుకు తీసి పెట్టుకోలేదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒక డిస్కు పోయినా తిరిగి కట్టుకోవడానికి పారిటీ ఉంది కదా అన్న ధీమాతో అయిదేళ్లు గడిపేశాను.

తెలియనివారి కోసం చెబుతాను. నా సర్వరు పాత డెస్క్‌టాప్ పెట్టెలో అన్‌రెయిడ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి కట్టుకున్నది. ఎనిమిది టెరాబైట్ల డిస్కులు రెండు, నాలుగు టెరాబైట్లవి రెండు, మొత్తం నాలుగింటిలో ఫైళ్లు ఉంటాయి. ఎనిమిది టెరాబైట్ల అయిదో డిస్కు పారిటీకి. అందులో ఫైళ్లేమీ ఉండవు. నాలుగు డిస్కులలోనూ ఒకే స్థానంలో ఉన్న సున్నా, ఒకటి అంకెలను చూసి, ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా బేసి సంఖ్యలో ఉన్నాయా అన్న లెక్క ఒక్కటే అందులో ఉంటుంది. ఒక డిస్కు పోతే, మిగిలిన మూడింటినీ ఆ లెక్కనూ కలిపి చూసి పోయిన అంకె ఏదో తేల్చవచ్చు. రెండు పోతే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

బుధవారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. నాలుగేళ్ల యూపీఎస్ బ్యాటరీ అరనిమిషం కూడా నిలవలేదు. కరెంటు వచ్చాక సర్వరు తనంతట తానే పారిటీ తనిఖీ మొదలుపెట్టింది. తెల్లవారేసరికి మూడో డిస్కు ఎదుట ఎర్రటి ఇంటూ గుర్తు పడి ఉంది. దాని పక్కనే, ఈ డిస్కులోని ఫైల్ సిస్టమును, అంటే ఫైళ్ల అమరికను, తెరవలేకపోతున్నామన్న మాట, ఫార్మాట్ చేయమంటారా అన్న పెట్టె కనిపించాయి. కాసేపటికి నాలుగో డిస్కు మీద కూడా తప్పుల సంఖ్య పెరగడం మొదలైంది. ఒకే పారిటీ ఉన్నచోట మరో డిస్కు కూడా జారిపోతోందని అర్థమైనప్పుడు నా చేతులు వణికాయి.

శుక్రవారం డేటా తీసి ఇస్తామనే ఒక ఆఫీసుకు రెండు డిస్కులూ పట్టుకెళ్లాను. అక్కడివారు వాటిని ఏ యంత్రానికీ తగిలించకుండానే రెండూ చచ్చిపోయాయని చెప్పి లక్షా నలభై వేలు అడిగారు. శనివారం పొద్దున, కనీసం మిగిలినవైనా దక్కించుకుందామని, కొత్త డిస్కులు రెండు కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాను. అక్కడ రిపేర్లు చేసే ఒక చిన్న దుకాణంలో ఉన్న ఆయన గురించే ఈ రాత అంతా. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. వయసులో నాకన్నా చిన్నవారే. నేను మాత్రం అన్నా అనే పిలిచాను.

ఎనిమిది టెరాబైట్లవి రెండు కావాలని అడిగితే ఆయన డిస్కులు తీయలేదు. "పోయినయని మీకు ఎవరు చెప్పిండ్రు సార్?" అని అడిగారు. నా సంచిలోని రెండింటినీ తీసుకొని ఒక్కొక్కటిగా తన కంప్యూటరుకు తగిలించి, డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ పట్టిక తెరిచారు. అయిదో వరుస, అంటే చెడిపోయి పక్కకు పెట్టిన సెక్టార్ల లెక్క, రెండింటిలోనూ సున్నా. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లను చూపే 197వ వరుస కూడా సున్నా. 199వ వరుసలో మాత్రం మూడో డిస్కుకు 1,847, నాలుగోదానికి 1,211. ఆ రెండు అంకెలనూ ఒక చీటీ మీద రాసి నా చేతిలో పెట్టి, అవి డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో జరిగిన తప్పులనీ, ఆ అంకె ఎప్పటికీ తగ్గదు గానీ ఇక మీదట పెరుగుతుందా లేదా అన్నదే చూసుకోవాలనీ చెప్పారు. తరువాత ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబుంది. ఈ రెండు డిస్కులకూ కరెంటు ఒకే స్ప్లిటర్, అంటే ఒక తీగను రెండుగా చీల్చే ముక్క, నుంచి వస్తోందా అని అడిగారు. అవును, మోలెక్స్ అనే పాతరకం కరెంటు తీగకు తగిలించిన చౌకరకం స్ప్లిటర్ నుంచే వస్తోంది.

పారిటీ తనిఖీలో తప్పులను దిద్దే అమరిక పెట్టారా అని కూడా అడిగారు. లేదన్నాను. ఆయన కళ్లు మూసుకొని ఊపిరి వదిలారు. డిస్కు తప్పుడు అంకెలు పంపుతున్నప్పుడు దిద్దమని చెబితే, ఆ తప్పే పారిటీలోకి ఎక్కిపోయి ఉండేదట. ఫార్మాట్ పెట్టె జోలికి మాత్రం ప్రాణం పోయినా వెళ్లవద్దన్నారు. పారిటీ లెక్కతో మాత్రమే కనిపించే, నిజానికి లేని డిస్కును ఫార్మాట్ చేసినా ఆ రాత పారిటీలో పడుతుంది కాబట్టి, తరువాత ఎంత శ్రద్ధగా పునర్నిర్మించినా ఖాళీ డిస్కే తయారవుతుంది. గురువారం రాత్రి నా వేలు ఆ పెట్టె మీద ఉన్న సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

రెండు డిస్కులు అమ్మితే ఆ పూట ఆయనకు మంచి బేరం. రెండు డేటా కేబుళ్లకు మూడు వందల అరవై రూపాయలు తీసుకొని, ఇంటికి వెళ్లి యంత్రం ఆపేసి అన్నం తినమని పంపించారు. రాత్రి ఎనిమిదింటికి దుకాణం కట్టేసి, వాన తుంపరలో స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. నేను రమ్మని అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. సంచిలో పాలిథిన్ చుట్టిన ఎనిమిది టెరాబైట్ల డిస్కు ఒకటి ఉంది. పాత డిస్కు మీదనే పునర్నిర్మిస్తే, మధ్యలో ఏదైనా జరిగితే వెనక్కి వెళ్లే దారి ఉండదనీ, పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి తన దుకాణంలోని ఈ డిస్కు మీద కట్టుకోమనీ, అంతా కుదిరాక తెచ్చి ఇవ్వమనీ చెప్పారు. రసీదు లేదు, అడ్వాన్సు లేదు.

స్ప్లిటర్ పీకి పారేశారు. పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే తీగలకు డిస్కులు తగిలించారు. డిస్కులను వాడకానికి తెరవని మెయింటెనెన్స్ పద్ధతిలో సర్వరు లేపి, ముందు ఏమీ మార్చకుండా చూసి మాత్రమే చెప్పే విధంగా, ఫైల్ సిస్టమును బాగుచేసే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేరును నడిపారు. వచ్చిన ప్రతి వరుసా నాకు చదివి వినిపించి, నా ఒప్పుదల అడిగి, అప్పుడు నిజంగా బాగు చేశారు. ఫైల్ సిస్టమ్ తెరుచుకుంది.

పునర్నిర్మాణం మొదలుపెట్టే ముందు, ఏదో ఒకటి విందాం సార్ అన్నారు. నేను రాయబారం సీను ఉన్న ఫైలు నొక్కాను. మూడో డిస్కు అప్పుడు సర్వరులో లేదు. అది ఆయన కుడి చేతిలో ఉంది. మిగిలిన మూడు డిస్కులూ, పారిటీలోని సరి బేసి లెక్కా కలిసి అక్కడికక్కడ అంకెలను తేలుస్తుంటే, లేని డిస్కులోంచి మా నాన్నగారి గొంతు పద్యం ఎత్తుకుంది. రాగం పూర్తయ్యేదాకా ఆయన కదలలేదు. చేతిలోని డిస్కును రెండు చేతులతో పట్టుకొని బల్ల మీద మెల్లగా పెట్టి, దాని మీద తెల్ల కాగితం అంటించి, "నాన్నగారు, ముట్టరాదు" అని రాశారు. నేను అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆగడం లేదు.

పదీ ఇరవైకి పునర్నిర్మాణం మొదలైంది. డిస్కు అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుందనీ, సెకనుకు 190 మెగాబైట్లు 90కి దిగినా భయపడవద్దనీ ముందే చెప్పి వెళ్లారు. ఆ మాట చెప్పి ఉండకపోతే తెల్లవారుజామున నేను ఏదో ఒకటి నొక్కి ఉండేవాణ్ని. అయిదున్నరకు ఫోను మోగింది. ఆయనే. అలారం పెట్టుకొని లేచారట. ఎంతదాకా వచ్చిందని అడిగారు. యాభై రెండు శాతం అన్నాను. 199 పెరిగిందా అని అడిగారు. చీటీ తీసి చూశాను. అదే 1,211. "ఇగ పండుకోండి సార్" అని పెట్టేశారు.

ఇంట్లో నా భార్య, తమ్ముడు ఈ నాలుగు రోజులూ అన్నీ చూసుకున్నారు.

ఒక్క మాట బాధతో రాయాలి. నా మూడో డిస్కుకు మూడేళ్ల వారంటీ ఉంది. ఇదే ఊళ్లో, జీఎస్టీ బిల్లుతో కొన్నాను. సర్వీసు సెంటరులో సీరియల్ నంబరు చూసి ఇది వేరే దేశం సరుకని, ఇక్కడ చెల్లదని అన్నారు. పోనీ చెల్లినా, వారు మార్చి ఇచ్చేది డిస్కునే గాని అందులో ఉన్నదాన్ని కాదు. అమ్మేటప్పుడు ఈ రెండు సంగతులూ ఎవరూ నోరు విప్పి చెప్పరు. తగిలించి చూడకుండానే చావు కబురు చెప్పి ధర కట్టేవారిని అడిగే నాథుడు లేడు. అరగంట పనికి, మూడు వందల అరవై రూపాయల కేబుళ్లకు, నేను లక్షా నలభై వేలు అప్పు చేయబోయాను. నాలాగా అప్పు చేసినవారు ఎందరున్నారో అని మనసు కుతకుతలాడుతోంది.

ఫైళ్లన్నీ పాత డిస్కులోని వాటితో, ఫైలు మారిందో లేదో చెప్పే చెక్‌సమ్ వేసి సరిచూశాను. నాటకాల ఫైళ్లన్నీ సరిపోయాయి. పేర్లు పోయి లాస్ట్ ఫౌండ్ ఫోల్డరులో పడ్డవి మూడే, అవీ నా పాత కరెంటు బిల్లుల బొమ్మలు. పాత డిస్కుకు ఇప్పుడు సుదీర్ఘ పరీక్ష నడుస్తోంది. అది గట్టెక్కితే దాని మీద మళ్లీ కట్టి, అరువు డిస్కు వచ్చే ఆదివారం తిరిగి ఇచ్చి వస్తాను. దాని కన్నా ముందే నాటకాల నకలు ఒకటి హనుమకొండలో తమ్ముడి ఇంటికి చేరుతుంది.

మరిచిపోయాను, పై వాటాలో ఉండే అక్క శనివారం రాత్రంతా తమ ఇన్వర్టరు నుంచి సర్వరుకు వైరు లాగనిచ్చారు, వారి పిల్లలు ఉక్కలో పడుకున్నారు. ఆమెకు ఎంత చెప్పినా తక్కువే. గురువారం రాత్రి బెంగళూరు నుంచి ఫోనులో, ఏమీ నొక్కకు, ఏమీ నొక్కకు అని పదేపదే చెప్పిన చదువుకున్ననాటి స్నేహితుడికి కూడా. పార్క్‌లేన్ నుంచి వస్తుంటే డిస్కుల సంచి అదరకూడదని ఒడిలో పెట్టుకొన్నానని తెలిసి, మలక్‌పేట గుంతలన్నీ తప్పించుకుంటూ మెల్లగా నడిపిన ఆటో ఆయనకు కూడా.