పెన్షన్ లేని మాజీ సైనికుల సాయంపై కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

వినతిపత్రాలకు జవాబు రానందున ఇలా నలుగురి ఎదుట రాస్తున్నాం.

65 ఏళ్లు దాటి, పెన్షన్ లేని హవల్దారు, అంతకు దిగువ హోదా మాజీ సైనికులకూ వారి వితంతువులకూ కేంద్రం నెలకు 4,000 రూపాయల సాయాన్ని 2025 నవంబరు నుంచి 8,000 చేసింది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం వైపు తెలుగు కుటుంబాల దరఖాస్తులు పేర్ల తేడా దగ్గరే ఆగిపోతున్నాయి. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌బుక్కులో ఇంటిపేరు చివరన. భర్త సర్వీసు రికార్డులో పెళ్లి నమోదు కాని వితంతువు పరిస్థితి మరీ కష్టం. ఈలోగా ఆమె మందులు అప్పు మీదే నడుస్తున్నాయి.

సాయం పెంపును అందరూ ప్రకటిస్తారు. దరఖాస్తు సరిచూసే గుమాస్తా ఊసు ఎవరూ ఎత్తరు.

నెలకోసారి పర్లాకిమిడిలో తెలుగు తెలిసిన గుమాస్తాతో శిబిరం పెట్టించండి. పేర్ల తేడాకు నోటరీ అఫిడవిట్ అక్కడే తీసుకోండి. తిరస్కరిస్తే కారణాన్ని 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇప్పించండి.

ఇట్లు,
సరిహద్దు మాజీ సైనిక కుటుంబాలు