మత్తు డాక్టర్ గారికి, మరో ఇద్దరికి

వీర్యంలో కణాలు ఒక్కటి కూడా లేవని రిపోర్ట్ వచ్చినప్పుడు బాధపడ్డానే గానీ భయపడలేదు. వృషణంలోంచి సూదితో తీయాలి అన్నాకే అసలు టెన్షన్ మొదలైంది. పూర్తిగా మత్తు ఇచ్చేయండి, కళ్లు తెరిచేసరికి అంతా అయిపోవాలి అని వెళ్లగానే అడిగేశాను.

మత్తు డాక్టర్ గారు నవ్వలేదు, మొదటి థాంక్స్ ఆవిడకే. సంతకం పెట్టించుకుని పంపేయకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, గురక వస్తుందా, ఎసిడిటీ ఉందా, మీ భయం నొప్పి గురించా లేక మెలకువగా ఉండాల్సి రావడం గురించా అని అడిగారు. ఆ చివరిది నాకు నేనెప్పుడూ వేసుకోని ప్రశ్న. నాది రెండోది.

నాకు కణాలు లోపల తయారవుతున్నాయి, బయటికి వచ్చే దారే మూసుకుపోయింది, కాబట్టి ఇది చిన్న పని. వృషణం తెరిచి గంటల తరబడి మైక్రోస్కోప్ కింద కణాల కోసం వెతికే మైక్రో టెసే ఆపరేషన్ అయితే కదలకూడదు, పూర్తి మత్తో, నడుముకి ఇంజెక్షనో కావాలి. నాకూ నడుముకి ఇవ్వొచ్చట, కానీ కాళ్లు గంటలకొద్దీ మొద్దుబారతాయి, ఒక్కోసారి మూత్రం ఓ పట్టాన రాదు. అలాగని పైన చర్మానికి మొద్దు ఇస్తే చాలదు. వృషణాలు పిండంలో కడుపు లోపలే ఏర్పడి తర్వాత కిందికి దిగుతాయి, వాటి నరాలూ పైనుంచే వస్తాయి, అందుకే అక్కడ లాగితే పొత్తికడుపులో తెలుస్తుంది. (ఇన్నేళ్లూ బంతి తగిలితే కడుపు ఎందుకు పట్టుకున్నానో ఇప్పుడర్థమైంది.) చివరికి గజ్జ దగ్గర ఆ నరాలు వెళ్లే చోట మొద్దుబార్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్, చేతికి సెలైన్‌లో కాస్త మగత మందు అనుకున్నాం.

రెండో థాంక్స్ ఇదంతా ముందే చూసొచ్చిన నా ఫ్రెండ్‌కి. "సూది దిగేటప్పుడు మంట, తర్వాత లాగినట్టు ఉంటుంది, దానికి కంగారుపడకు, నొప్పైతే మాత్రం నోరు మూసుకుని పడుకోకురా" అన్నాడు. నిజంగానే మధ్యలో నొప్పొచ్చింది, చెప్పాను, వెంటనే ఆపి ఇంకాస్త మందిచ్చి ఆగారు. అప్పుడు నా చెయ్యి పట్టుకున్న నర్సు గారికి మూడో థాంక్స్. మగాడివి, ఓర్చుకో అని ఒక్కరూ అనలేదక్కడ. రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగొచ్చన్నా భయంతో రాత్రి నుంచే మానేసి వెళ్లినందుకు తిట్టారనుకోండి, అది వేరే.

కణాలు దొరికాయి, ఫ్రీజ్ చేశారు. వచ్చే నెల మా ఆవిడకి అండాలు తీస్తారు. మత్తు గురించి అడగాల్సినవి ఇప్పటికే కాగితం మీద రాసుకుంది, రెండు పక్కలా. డాక్టర్ గారూ, ఆ కుర్చీ మళ్లీ లాక్కోవాలి మీరు.